రాగిరేకులలో నిలిచిన మాట, గాలిలో కలిసిన వరుస

ఉరవకొండ నుండి బళ్లారి పోవు బాటలో విడపనకల్లు అను ఊరున్నది. నల్లరేగడి నేల. వాన కురిసిన యేడు పప్పుసెనగ పండును. కురియని యేడు నేల నెర్రెలు విచ్చి ఆకాశము వంక చూచుచుండును. అనంతపురము జిల్లాకు సాలున కబ్బు వానయే సుమారు 550 మిల్లీమీటర్లు. అట్టి యూర ఒక వేకువ మేమును కొందరు గ్రామస్థులును రేడియో యెదుట కూర్చుండి అన్నమాచార్య సంకీర్తన మొకటి వినుచుంటిమి. పాట ముగిసినది. చెక్కభజన నేర్పు పెద్ద యొకడు మావైపు తిరిగి, "సామీ, ఈ పాట కట్టినాయప్ప అన్నమయ్య, సరే. ఈ వరుస గూడా ఆయప్పదేనా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు రెండు ముక్కలలో బదులు చెప్పవచ్చును. మాట ఆయనది; వరుస ఆయనది కాదు. కాని అంతటితో విడిచినచో విన్నవారికి కొంత అన్యాయము జరుగును. ఏమనగా, ప్రతిదినము వేకువను మన యిండ్లలో వినవచ్చు ఈ పాటల వెనుక నాలుగువందల యేండ్ల మౌన మొకటి యున్నది. ఆ మౌన మెట్లు కలిగెనో, ఎవరు దానిని తొలగించిరో, తొలగించినపుడు చేతికి దొరికిన దెంత, దొరకని దెంత అనునది తెలిసికొనిననే గాని ఆ పెద్ద యడిగిన దానికి సమాధానము పూర్తి కాదు.

ముందుగా పరదేశపు ముచ్చట యొకటి చెప్పెదము. జర్మనీ దేశమున సంగీతనాటకములు రచించి జగత్ప్రసిద్ధు డైన రిచర్డు వాగ్నరు (1813-1883) తన పందొమ్మిదవ యేట, అనగా 1832లో, వాద్యబృందము కొరకు ఒక సింఫనీ వ్రాసెను. దాని మూలప్రతిని తరువాత మెండెల్‌సను అను మరియొక సంగీతకర్తకు ఇచ్చెను. అది మరల కనబడలేదు. 1849లో డ్రెస్డెను నగరమున తిరుగుబాటు జరిగినపుడు వాగ్నరు ఊరు విడిచి పారిపోయెను. ఆయన విడిచిపోయిన పెట్టె యొకటి ముప్పది యేండ్లకు దగ్గరగా ఆ యూరనే పడియుండి 1870 తరువాత బయటపడినది. అందు ఆ సింఫనీ వాద్యభాగములు, అనగా ఏ వాద్యకానికి ఆ వాద్యకాని కొరకు వేరువేరుగా వ్రాసియిచ్చిన కాగితములు, దొరికెను. శిష్యు డొకడు వాని నన్నిటిని ఒకచోట పేర్చి, మూలమును తిరిగి సమకూర్చగా, 1882 డిసెంబరు 24న వెనిస్ నగరమున వాగ్నరు తానే ఆ సంగీతమును నడిపించెను. మరి రెండు మాసములకు ఆయన అదే నగరమున మరణించెను.

ఇది చెప్పుట కొక కారణ మున్నది. అక్కడ దొరికినది సంగీతము. ఏ వాద్యము ఏ క్షణమున ఏ స్వరము పలుకవలెనో, ఎంతసేపు నిలుపవలెనో, సర్వమును కాగితముపై నున్నది. దుమ్ము దులిపి పేర్చినంతనే అది పలికినది. మన తిరుమలలో దొరికినది వేరు. అక్కడ పలుకవలసిన మాట యంతయు నున్నది; పలుకు తీరు లేదు.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో కడపసీమ యందలి తాళ్లపాక గ్రామమున జన్మించెను. పదునారవ యేట, శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున, స్వామిపై సంకీర్తనలు చెప్ప నారంభించి, శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు చెప్పినట్లు రాగిరేకులలో మొదటిదానిపైననే చెక్కబడియున్నది. ఆ చివరి దినము క్రీస్తుశకము 1503 ఫిబ్రవరి 23. మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన తాతగారి చరిత్రలో ఆ సంకీర్తనలు ముప్పదిరెండు వేలని చెప్పియున్నాడు. మనకు దక్కినవి పండ్రెండు వేలకు పైబడినవి. అందుచేత పోయినవి పోయిన వని విచారించుటకంటె, ఇన్ని యెట్లు మిగిలినవి యని యాశ్చర్యపడుట మేలు.

మిగులుటకు కారణము ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల ముందుచూపు. తాటియాకు ఎంత జాగ్రత్త పరచినను పురుగు తినును, తేమకు చివుకును. వారు తండ్రి కీర్తనలను రాగిరేకులపై చెక్కించిరి. తరువాత తమవి, తమ కుమారులవి కూడ చెక్కించిరి. ఆధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. రేకుకు రెండు ప్రక్కల, ప్రక్కకు సుమారు మూడేసి పాటలు. ఇట్టి రేకులు రెండువేలకు మించి యున్నవి. ఇన్ని రేకులు సిద్ధపరచి, పదునారవ శతాబ్దమున ఉలితో అక్షరమక్షరముగా చెక్కించుటకు ఎంత రాగి, ఎందరు పనివాండ్రు, ఎన్ని వేల వరహాలు కావలసియుండునో చదువరులే యూహింపవచ్చును. ఆనందనిలయము చుట్టునున్న ప్రదక్షిణమార్గమున, భాష్యకారుల సన్నిధి చెంత, ఒక చిన్న రాతి యరలో వానిని భద్రపరచిరి. దానికే సంకీర్తన భాండార మని పేరు. తాళ్లపాక అర యనియు చెప్పుదురు.

అయితే ఒక మాట మరువరాదు. ఈ రేకులు అన్నమాచార్యుల చేవ్రాత కాదు.  మనము చూచునది కవి మరణానంతరము, కుమారుని యాజ్ఞపై, లోహకారుడు చెక్కిన ప్రతి.

1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలినది. కొలువు పోయినది, కానుకలు తగ్గినవి. రాజుల యండతో వెలిగిన సంకీర్తన సేవ క్రమముగా సన్నగిలి, పాడువారి గొంతులతోపాటు వరుసలును అణగిపోయినవి. ఒక జోలపాట, ఒక నీరాజనము, అట్టివి కొన్నిమాత్రము స్త్రీల నోట, ఇవి అన్నమాచార్యులవి యని యెరుగకయే, తరతరములు నిలిచినవి. అర మూసియున్నది. రాగి మాత్రము చెడలేదు.

ఆ యర లోనికి తొంగిచూచిన తొలి పాశ్చాత్యుని కథ మా యీ ప్రాంతమువారికి కొంత దగ్గర. అలెగ్జాండరు డంకన్ క్యాంబెల్ అను దొర 1816లో తెలుగు వ్యాకరణ మొకటి ఆంగ్లభాషలో ప్రకటించెను. దాని పీఠికలో ఆయన ఒక విశేషము చెప్పినాడు. తిరుపతి కొండపై కోవెలలో ఒక బ్రాహ్మణ కుటుంబము వేలకొలది రాగిరేకులను కాపాడుచున్న దని విని, చూచి రమ్మని యొకనిని పంపెనట. వ్యాకరణ సంబంధ మైన గ్రంథ మొకటి దొరుకగా నకలు వ్రాయించుకొనెను. తక్కినదంతయు దేవుని స్తోత్రములే యని తేలెనట. ఆ లక్షణగ్రంథము తాళ్లపాక చినతిరుమలాచార్యుల సంకీర్తన లక్షణమే కావచ్చునని యూహింప వీలున్నది. దొరకు కావలసినది వ్యాకరణము, అది దొరికినది, చాలు ననుకొనెను. ఆయనను నిందింపము. కాని స్తోత్రములే కదా యన్న ఆ యొక్క తేలికమాట వెనుక వేలకొలది సంకీర్తనలు మరి నూరేండ్లు చీకటిలో నుండిపోయినవి.

ఈ క్యాంబెల్ దొరయే 1820 తరువాత బళ్లారి కలెక్టరుగా వచ్చెను. అనంతపురము జిల్లా 1882లో గాని బళ్లారి నుండి వేరుపడలేదు. కావున విడపనకల్లు రైతులు ఆనాడు శిస్తు కట్టినది ఆయన కచ్చేరీ కిందనే.

ఇరువదవ శతాబ్దపు తొలిపాదము గడచిన పిమ్మట రేకులకు మరల వెలుగు వచ్చినది. దేవస్థాన శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వానిని పరిశీలించి లోకమునకు తెలిపిరి. 1933 వరకు తొంబదియేండ్లు మహంతుల యేలుబడిలో నుండిన కోవెల దేవస్థాన పాలకవర్గము చేతికి వచ్చినది, ముద్రణ సాగినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950) చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో ప్రకటించి, అన్నమాచార్యు లెవరో తెలుగువారికి తిరిగి చెప్పిరి. వారి పీఠిక చదువని వాడు ఈ విషయము మాటలాడుట కూడ సాహసమే యని మా యభిప్రాయము.

ఇక అసలు చిక్కునకు వచ్చెదము. రేకుపై పాటకు పైన ఏమున్నది? రాగము పేరున్నది. శ్రీరాగము, బౌళి, దేసాక్షి, రామక్రియ, ముఖారి, సామంతము, ఇట్లు. మొత్తము సుమారు నూరు రాగములు. అంతే. స్వరములు లేవు. సామాన్యముగా తాళము పేరును లేదు. ఆ కాలపు గాయకునికి అవి అక్కరలేదు. వరుస గురుముఖమున వచ్చును. రాగము పేరు వానికి గుర్తు మాత్రమే.

రాగము పేరున్న దికనేమి, ఆ రాగములో పాడినచో సరిపోవును గదా యని కొందరందురు. మేమును మొదట నట్లే తలచితిమి. కాని రాగము పేరు మారకయే లోపలి రాగము మారిపోవచ్చును. ముఖారినే తీసికొందము. అన్నమాచార్యులు గతించిన తరువాత ఏబది యేండ్లు నిండకమునుపే, 1550లో, విజయనగరమున రామామాత్యుడు స్వరమేళకళానిధి యను లక్షణగ్రంథము రచించెను. అన్నమాచార్యుల కాలమునకు అంత చేరువ నున్న సాక్ష్యము అరుదు. అందు ముఖారి మొట్టమొదటి మేళము. ఏడు స్వరములును శుద్ధములే. హార్మోనియమున్న యింటివారు దానిని తీసి చూడవచ్చును. షడ్జమము, శుద్ధ ఋషభము, శుద్ధ గాంధారము, ఈ మూడును నలుపు తెలుపు మెట్లు వరుసగా లెక్కించినచో ఒకదాని ప్రక్క నొకటి వచ్చును. పంచమము మొదలుకొని పైనను అంతే. పంచమము, ధైవతము, నిషాదము పక్కపక్కనే. నేడు ఆ మేళమును కనకాంగి యందుము. నేటి ముఖారియో, ఖరహరప్రియ జన్యము. చతుశ్శ్రుతి ఋషభము, సాధారణ గాంధారము, కైశికి నిషాదము గల రాగము. ఆనాటి గాంధార మున్న మెట్టుపై నేడు ఋషభము కూర్చున్నది. కావున రేకుపై ముఖారి యని చూచి నేటి ముఖారిలో పాడిన గాయకుడు పేరును నిలిపినవా డగునే గాని, అన్నమాచార్యులు విన్న ముఖారిని వినిపించితి నని చెప్పజాలడు. అమరసింధు, కొండమలహరి వంటి వాని సంగతి చెప్పనే యక్కరలేదు. ఆ పేర్లే నేటి కచేరీలలో వినరావు.

దీనికి సరిగా ఎదురైన వింత తమిళదేశమున నున్నది. పుదుక్కోట సమీపమున కుడుమియాన్‌మలై యను కొండపై ఏడవ శతాబ్దపు శాసన మొకటి కలదు. అందు ఏడు రాగములకు వరుసగా స్వరాక్షరములు చెక్కియున్నవి. శిష్యుల యభ్యాసము కొరకు. అక్కడ స్వరమున్నది, పాడుటకు మాట లేదు. ఇక్కడ మాట యున్నది, స్వరము లేదు. ఈ రెంటిని ఒకచోట చేర్చినవాడు మన దేశమున ఆకాలమున పుట్టకపోవుట మన దురదృష్టము.

తాళము విషయమున మాత్రము ఇంత నిరాశ లేదు. ఎందుచేత ననగా మాటలలోనే దాని జాడ యున్నది. తెలుగు పాట మాత్రలపై నడుచును. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఒక పాదమును తీసికొని లెక్కించినపుడు అయిదేసి మాత్రలకు మాట విరిగినచో నడక ఒకటి. మూడును నాలుగును కలసి ఏడేసిగా విరిగినచో మరియొకటి. పాదమున యతి పడిన చోట సాధారణముగా తాళము మరల ఎత్తుకొనును. ప్రాస పాదాదులను పట్టియిచ్చును. అన్నమాచార్యులు సంస్కృతమున సంకీర్తన లక్షణము వ్రాసిన మహానుభావుడు. ఆ మూలము దొరకలేదు గాని మనుమని తెలుగు సేత దొరికినది. అట్టివాని పాటలో మాత్ర తప్పదు. తాళపు అస్థిపంజర మంతయు రాగిలో భద్రముగ నున్నదని చెప్పవచ్చును.

ఈ యస్థిపంజరమునకు ప్రాణము పోసినవారిలో ప్రథములు మా అనంతపురము జిల్లావారే యగుట మాకు గర్వకారణము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893 జనవరి 23న ఈ జిల్లాలో కంబదూరు ప్రాంతమున రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. తల్లి పేరు అలమేలుమంగమ్మ. అన్నమాచార్యులు జీవితమంతయు పాడిన తల్లి పేరే ఈ తల్లికిని ఉండుట కాకతాళీయమే గాని, చెప్పకుండ నుండలేకపోతిమి. శర్మగారు 1912 నుండి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుచు, అక్కడి విద్వాంసులతో మెలగి సంగీతమును సాధించిరి. 1935లో ఎం.వి. గోపాలస్వామిగారు మైసూరున రేడియో కేంద్రమును స్వయముగా నెలకొల్పినపుడును వారా నగరముననే యుండిరి. మన రేడియోకు నేడున్న ఆకాశవాణి యను పేరు ఆ కేంద్రపుదే. మైసూరు కొలువు ముగిసిన పిమ్మట వారు తిరుపతి చేరి రాగిరేకుల పరిష్కరణకు పూనుకొనిరి.

వారి ప్రత్యేకత యేమనగా, సంస్కృతాంధ్ర కన్నడములు చదివిన పండితుడును, వీణ పలుకు తెలిసిన గాయకుడును ఒక్క మనిషిలోనే యుండిరి. పాఠమును సరిచేయుచుండగనే వారి చెవికి వరుస వినబడెడి దని మేము నమ్ముదుము. నూటికి పైగా సంకీర్తనలకు వారు వరుసలు కూర్చి స్వరసహితముగ అచ్చునకిచ్చిరి. వీలున్న చోట రేకుపై నున్న రాగమునే పట్టిరి, వీలులేనిచోట మార్చిరి. స్వరముతో అచ్చువేయుటలో మరియొక మేలున్నది. ఇది అన్నమాచార్యులది, ఇది నాది యని గీత గీసినట్లు తేటపడును. 1974లో మద్రాసు సంగీత పరిషత్తు వారు శర్మగారికి సంగీత కళానిధి బిరుద మిచ్చిరి. 1979 మార్చి 11న వారు పరమపదించిరి.

తరువాతి కథ శ్రోతలకు తెలిసినదే. 1948లో నెలకొన్న విజయవాడ కేంద్రము, అందు భక్తిరంజనిని నడిపిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కూర్చిన వరుసలు. 1978లో తిరుపతిలో ఆరంభమైన అన్నమాచార్య ప్రాజెక్టు. ఆ వెంటనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి గళమున దేవస్థానము వెలువరించిన రికార్డులు. నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు కూర్చినవి వందలకొలది. నేడు అన్నమాచార్యులు వినరాని తెలుగూరు లేదు.

కాని మాకొక ఫిర్యాదున్నది. పాట ప్రసారమగుటకు ముందు రచన అన్నమాచార్యులని చెప్పుదురు, గానము ఎవరిదో చెప్పుదురు. వరుస కూర్చినవారి పేరు పలుమారు వినబడదు. అందువలన రెండు నష్టములు. నిన్నమొన్నటి వరకు మన నడుమ నుండి, రాత్రులు కూర్చుండి ఆ వరుసను వెదకిన విద్వాంసునికి దక్కవలసినది దక్కదు. రెండవది, ఇది అయిదువందల యేండ్ల వరుస యని యింటిలోని పిల్లలు నమ్ముదురు. ఆ పాటను మరొకరు మరొక రాగములో పాడినపుడు తప్పు పాడినా రని కోపింతురు. తప్పేమియు లేదు. ఇద్దరును కూర్చినవారే. సందేహమున్న వారు దేవస్థానము వారి సంకీర్తన సంపుటము తీసి చూడవచ్చును. ప్రతి పాటకు పైన రేకు రాగము అచ్చువేసియున్నది. రేడియోలో విన్న రాగముతో దానిని పోల్చి చూచుట ఇంటింట చేయదగిన వినోదము. రెండు రాగములును వేరైన పాటలు తరచుగ తగులును. రేకు రాగము, కూర్చిన రాగము, కూర్చినవారి పేరు, ఈ మూడును ప్రకటించుటకు అర నిమిషమైనను పట్టదు.

ఇదంతయు విడపనకల్లు పెద్దకు ఇంత విస్తరముగ గాకపోయినను చెప్పితిమి. ఆయన శ్రద్ధగా విని, "అయితే మా గుళ్ళో మేం మా వరుసలో పాడుకుంటే ఆయప్పకు కోపం రాదు గదా?" అనెను. రాదంటిమి. మా చేతి సంచిలో సంపుట మొకటి యుండెను. అయిదేసి మాత్రల నడక గల సంకీర్తన మొకటి తీసి పల్లవి చదివితిమి. ఆయనకు లఘువు తెలియదు, గురువు తెలియదు. మొదటి పాదము విని తల యూపెను. రెండవ పాదమునకు చెక్కలు చేతబట్టెను. మేము వ్రేళ్లు మడచి లెక్కించుట ముగియక మునుపే ఆయన చెక్కలు అయిదు దెబ్బల నడకను పట్టుకొనినవి. రాగమేమని యడుగగా ముఖారి యని చదివితిమి. "ఆ పేరు మాకెట్ల తెలుస్తాది సామీ! నువ్వు మాట చెప్పు, చెక్క పలుకుతాది" అని నవ్వెను.

పాటను భజన పుస్తకములో వ్రాసి యిమ్మనగా వ్రాసితిమి. పైన రేకులో నున్నట్లే రాగము పేరు వ్రాసి, తాళము చోట ఖాళీ విడిచితిమి. ఆయన మనుమని పిలిచి ఆ ఖాళీలో "ఐదు దెబ్బలు" అని వ్రాయించెను.